పల్లం పొలాన్ని పల్లంగానే ఉంచే రైతుకి డబ్బులివ్వాలా? ఎవరివ్వాలి?

గొల్లపూడి_గట్టు | ఆదివారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. వాదించుకుందామనే ఈ టాపిక్ పెడుతున్నాను.

జి.కొండూరు వైపు మాకు కొంత పల్లం పొలం ఉంది. బుడమేరు పొంగితే ముందు మునిగేది అదే. ఉండేది విజయవాడ సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు 1న మా కింద పోర్షన్ సగం దాకా నీళ్లలోనే ఉంది. అంటే ఒకే వాగు పొలాన్నీ ముంచింది, ఇంటినీ ముంచింది.

ఇప్పుడు మా పొలం పక్క వాళ్లు లారీలతో మట్టి తోలి మెరక చేస్తున్నారు, లేఅవుట్ కోసం. మాకూ బేరం వచ్చింది. నాన్న అమ్మేద్దాం అంటున్నారు. ఆయన్ని తప్పు పట్టలేను, వరి మీద ఏం మిగులుతుందో మీకందరికీ తెలుసు. కానీ ఆ పల్లం పొలంగా ఉన్నంత కాలం వాగు నీళ్లు కాసిని అక్కడ నిలబడతాయి. మెరక చేస్తే అవి కిందికే కదా వచ్చేది, అంటే మా సింగ్‌నగర్‌కే!

బయటి దేశాల్లో ఇలాంటి తడి నేలల్ని పాడు చేయకుండా ఉంచినందుకు రైతుకి ఏటా డబ్బులిస్తారట. మన దగ్గర అలాంటిది ఏమైనా ఉందా? లేకపోతే వచ్చే దారి ఉందా? పార్టీల గొడవ వద్దు, ప్లీజ్.

బెజవాడ_బుల్లోడు | 9:20

ఉంది. మునిగిన తర్వాత ఇస్తారు. బియ్యం, నూనె ప్యాకెట్, ఒక ఫోటో.

తెనాలి_కయ్య | 9:48

బుల్లోడు సరదాకి అన్నా అసలు సంగతి అదే. పంట 33 శాతం పైన పోతేనే ఇన్‌పుట్ సబ్సిడీ. నీళ్లు నిలబెట్టి పది మందిని కాపాడి, పంట 30 శాతం పోగొట్టుకున్నవాడికి సున్నా. మన లెక్కలన్నీ నష్టం చుట్టూ తిరుగుతాయి. రైతు చేసిన మేలుకి ఖాతా పుస్తకంలో గడే లేదు.

మీరడిగినట్టు అచ్చంగా తడి నేలని కాపాడినందుకు ఎకరానికింత అని ఇచ్చే పథకం మన జిల్లాల్లో నేను చూడలేదు. దానికి కాస్త దగ్గరగా వచ్చేది కేరళ. అక్కడ 2008లోనే వరి పొలాల్ని, తడి నేలల్ని పూడ్చకూడదని చట్టం చేశారు. 2020లో వరి నేలని వరి నేలగా ఉంచే యజమానికి హెక్టారుకి ఏడాదికి 2,000 రూపాయల రాయల్టీ మొదలుపెట్టారు. ఎకరానికి 800 అన్నమాట. అంతకన్నా ఆశపడకండి.

బెజవాడ_బుల్లోడు | 9:51

800కి మట్టి లారీ ఒక ట్రిప్పు కూడా రాదు అన్నా.

వినిపెగ్_గుంటూరోడు | 10:30

ఇక్కడ రాత్రి, నిద్ర పట్టక చూస్తున్నా. మాది గుంటూరు అరండల్‌పేట, ఇప్పుడు కెనడా మానిటోబాలో ఉంటున్నాం. గట్టు గారు అడిగిన పద్ధతి మా రాష్ట్రంలోనే నడుస్తోంది కాబట్టి తెలిసింది రాస్తాను.

ఇక్కడి పొలాలు చదునుగా ఉంటాయి, మధ్యమధ్యలో సహజమైన నీటి గుంటలు. ట్రాక్టర్ తోలేవాడికి గుంట అంటే చిరాకు, ప్రతిసారీ చుట్టూ తిప్పుకుని పోవాలి. అందుకని దశాబ్దాలుగా కాలువలు తవ్వి గుంటల్ని ఎండబెట్టేశారు. దాంతో మంచు కరిగే రోజుల్లో వరద ఒక్కసారిగా కిందికి దిగడం, ఎరువుల్లోని భాస్వరం కొట్టుకుపోయి వినిపెగ్ సరస్సులో పచ్చటి నాచు పేరుకోవడం మొదలైంది.

2006లో బ్లాన్షార్డ్ అనే గ్రామీణ మున్సిపాలిటీలో ఒక ప్రయోగం చేశారు. గుంటని, గట్టు మీది గడ్డిని, చెట్లని అలాగే ఉంచిన రైతుకి ఎకరం లెక్కన ఏటా డబ్బు. ఆలోచన ప్రభుత్వానిది కాదు, రైతు సంఘానిది. అలస్ అంటారు దాన్ని. 2008లో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ అనే రాష్ట్రం మొత్తంగా తీసుకుంది.

నాకు నచ్చింది డబ్బు పెట్టిన తీరు. 2018లో మానిటోబా 102 మిలియన్ డాలర్లు పెట్టి ఒక నిధి ఏర్పాటు చేసింది. తర్వాత నీటి పరీవాహక పనుల కోసం 52 మిలియన్లతో ఇంకొకటి. అసలు ముట్టుకోరు, దాని మీద వచ్చే రాబడితోనే ఏటా పనులు. ప్రభుత్వం మారినా పథకం పేరు మార్చి ఆపేయడం అంత తేలిక కాదు.

తెనాలి_కయ్య | 10:41

మన దగ్గర అసలు ముట్టుకోని నిధి! తమ్ముడూ, నువ్వు వెళ్లి చాలా ఏళ్లయినట్టుంది :)

లెక్కల_మాస్టారు | 11:25

బ్రాడీపేట నుంచి. రిటైరయ్యాను, ఖాళీయే, కాబట్టి కాగితం మీద లెక్క వేశాను. ఆవేశపడే ముందు ఒకసారి ఇది చూడండి.

ఒక ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. గట్టు అరడుగు, అంటే 15 సెంటీమీటర్లు పెంచి అంత మేర అదనంగా నీళ్లు ఆపితే ఎకరానికి దాదాపు 6 లక్షల లీటర్లు. వినడానికి చాలా ఎక్కువ. వెయ్యి ఎకరాల్లో ఇలా ఆపితే సుమారు 0.02 టీఎంసీ. వాగులో 30,000 క్యూసెక్కులు వస్తోంది అనుకోండి, ఆ వెయ్యి ఎకరాలు నిండడానికి పట్టేది 12 నిమిషాలు. పదివేల ఎకరాలైనా రెండు గంటలు.

కాబట్టి పొలాలు నీళ్లు ఆపి బెజవాడని వరద నుంచి కాపాడతాయి అని ఎవరైనా చెబితే నమ్మకండి. 2024లో వచ్చింది అలాంటి ఇలాంటి వరద కాదు. బుడమేరు నీళ్లని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి వస్తుంటే డైవర్షన్ నీళ్లని తీసుకోవడానికి నదికే చోటు లేదు.

గొల్లపూడి_గట్టు | 11:40

మాస్టారూ, అయితే పల్లం ఉన్నా లేకపోయినా ఒకటే అంటారా?

లెక్కల_మాస్టారు | 12:02

అనలేదు. ఆ పెద్ద వరద వేరు, ఏటా వచ్చే చిన్నా చితకా వరదలు వేరు. చిన్నవాటికి రెండు గంటల ఆలస్యం చాలా విలువైనది. ఇంకో సంగతి. పల్లంలో మట్టి పోస్తే అక్కడ ఆగే నీళ్లు పోవడంతో ఆగదు, వాగు పారే దారి కూడా ఇరుకైపోతుంది. ఆ నష్టం నా 12 నిమిషాల లెక్కలో లేదు.

చెరువుల లెక్క చూడండి. వంద ఎకరాల చెరువులో పూడిక తీసి రెండు మీటర్ల లోతు తిరిగి తెస్తే 8 లక్షల ఘనపు మీటర్లు. వెయ్యి ఎకరాల పొలంలో అరడుగు నీళ్లకంటే ఎక్కువ. డబ్బు తక్కువ ఉన్నప్పుడు మొదట ఎక్కడ పెట్టాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

తెనాలి_కయ్య | 12:30

మాస్టారి లెక్క కరెక్టే, ఊళ్లో మాత్రం అలా జరగదు. సెప్టెంబరులో వరద వస్తుంది. ఆగస్టుకే చెరువు నిండి ఉంటే లోతు ఎంతున్నా ఏం ఆపుతుంది? అలుగు దూకి కిందికే పోతుంది. వరద ఆపాలంటే చెరువులో చోటు ఖాళీగా ఉండాలి. ఆయకట్టు రైతు ఒప్పుకుంటాడా? వాడికి చెరువు నిండితేనే ధైర్యం. సెప్టెంబరు దాకా మూడో వంతు ఖాళీ పెట్టి, ఆ తర్వాత వానలు మొహం చాటేస్తే పంట ఎండేది వాడిది.

డబ్బు ఇవ్వాల్సింది అక్కడ. "చెరువు నింపకుండా ఉంచాం, వాన రాలేదు, పంట పోయింది" అంటే ఆ ఏడాది పూర్తి పరిహారం. వాన వస్తే రూపాయి అక్కర్లేదు. ఏటా ఎకరానికి 800 పంచేకంటే ఇది మేలు. రైతుకి కావాల్సింది దానం కాదు, టెన్షన్ లేకుండా నిద్ర.

వినిపెగ్_గుంటూరోడు | 12:38

ఇది బాగుంది బాబాయ్. ఒకరకంగా బీమా.

ఉప్పలపాడు_పిట్టలు | మధ్యాహ్నం 2:15

నేను టీచర్ని, పెదకాకాని మండలం. మా ఉప్పలపాడు చెరువు చాలామంది చూసే ఉంటారు. ఊరి చెరువు, మధ్యలో సర్కారు తుమ్మ చెట్లు, వాటి మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లలతో సహా కిక్కిరిసి ఉంటాయి. గుంటూరు నుంచి పిల్లల్ని తీసుకొచ్చి ఫోటోలు దిగి వెళ్తారు.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అన్ని వేల పక్షులకి తిండి ఆ చిన్న చెరువులో ఉంటుందా? ఉండదు. పొద్దున్నే లేచి చుట్టుపక్కల కాలువలకి, కుంటలకి, తడి పొలాలకి పోతాయి. సాయంత్రం వాలేటప్పుడు చూడాలి, కడుపు నిండిన బరువుతో గూడబాతు కొమ్మ మీద దిగలేక రెండు మూడుసార్లు తడబడుతుంది. ఆ కడుపులో ఉన్నది ఎవరో ఒకరి పొలం పక్క బోదెలో దొరికిన చేప. చెరువుకి బోర్డు ఉంది, ఆ బోదెకి లేదు.

చట్టంలోనూ ఇదే చిక్కు. మన దేశంలో 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు వరి పొలాల్ని చిత్తడి నేలగా లెక్కలోకి తీసుకోవు. సాగునీటి కోసం, తాగునీటి కోసం, చేపల కోసం మనిషి తవ్వినవి కూడా బయటే. తడి నేలల మీద దేశాలు చేసుకున్న రామ్‌సర్ ఒప్పందంలో మాత్రం వరి పొలం కూడా తడి నేలే, 2008లో దాని మీద ప్రత్యేకంగా తీర్మానం కూడా చేశారు. కాబట్టి గట్టు గారూ, మీ పల్లానికి ఆ నిబంధనల కింద డబ్బు అడగడానికి దారి లేదు. వ్యవసాయ శాఖ వైపు నుంచో, మున్సిపాలిటీ వైపు నుంచో రావాలి.

కైకలూరు_చేప | 3:05

బుడమేరు చివరికి పోయేది మా కొల్లేరులోకే, మా సంగతి ఎవరూ ఎత్తలేదు. అందుకని నేనే వస్తున్నా.

1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2005, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు పేల్చేశారు. అక్రమ చెరువులు పగలగొట్టారు, సరే. ఆ కాంటూరు లోపల వేల ఎకరాల జిరాయితీ భూమి కూడా ఉంది. తాతల నాటి పట్టా. చెరువు తవ్వకూడదు. నీళ్లు నిలబడి వరి సరిగా పండదు. అమ్ముదామంటే కొనేవాడు లేడు. ఇరవై ఏళ్లు దాటింది, ఎకరానికి ఇంత అని ఏటా ఇచ్చి ఉంటే ఈ పాటికి సగం మంది తమంతట తామే కాపలా కాసేవాళ్లు. ఇవ్వలేదు. తర్వాత మూడో కాంటూరుకి తగ్గించమని అసెంబ్లీ తీర్మానం, వద్దని కేంద్రం వేసిన కమిటీ. అది అలా నానుతూనే ఉంది.

ఒక మాట స్పష్టంగా చెబుతాను. నేను చేపల చెరువు నడిపేవాణ్ణే (కాంటూరు బయట, కంగారు పడకండి). చెరువు కౌలు వరి కౌలుకి కొన్ని రెట్లు ఉంటుంది. మీరు ఎకరానికి వెయ్యి, రెండు వేలు ఇస్తామంటే చెరువు తవ్వినవాడు పూడ్చడు. తవ్వనివాడు ఆలోచించవచ్చు, అంతే.

ఉప్పలపాడు_పిట్టలు | 3:20

చేప గారూ, పేల్చిన గట్లలో చాలావరకు మళ్లీ లేచాయి కదా. అది కూడా చెప్పండి.

కైకలూరు_చేప | 3:26

లేచాయి మేడమ్, కాదనను. ఎందుకు లేచాయంటున్నా. పగలగొట్టాక ఆ మనిషి ఏం తిని బతకాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి. పెద్దవాళ్లు వెనకుండి తవ్వించినవీ ఉన్నాయి, వాళ్లకి నేను వకాల్తా పుచ్చుకోను.

నిర్వాహకుడు | 3:40

పార్టీల పేర్లు, నాయకుల పేర్లు ఉన్న రెండు పోస్టులు తీసేశాను. విషయం మీదే ఉండండి.

నాగాయలంక_కౌలు | సాయంత్రం 5:10

అన్నలందరికీ నమస్తే. మీరు ఎకరానికి ఎంత అని మాట్లాడుతున్నారు. ఎవరి ఖాతాలో పడుతుంది అని ఎవరూ అనలేదు.

మా వైపు పొలంలో దిగేవాడు ఎక్కువగా కౌలుదారే. యజమాని హైదరాబాదులోనో, అమెరికాలోనో. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలల కార్డు ఇస్తామన్నారు. దానికి యజమాని సంతకం కావాలి. "సంతకం పెడితే భూమి మీద హక్కు వస్తుందేమో" అని ఆయనకి భయం, "గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలు ఇవ్వడేమో" అని మాకు భయం. పీఎం కిసాన్ 6,000 పోయేది భూమి పేరున్నవాడికే. రేపు తడి నేల డబ్బు అని పెడితే అదీ అంతే. మీదుమిక్కిలి, నేలకి ఆదాయం పెరిగిందని కౌలు ఒక బస్తా పెంచుతారు. 2025-26 మద్దతు ధర లెక్కన 75 కిలోల బస్తా 1,777 రూపాయలు. ఎకరానికి 800 వచ్చే పథకం వల్ల నాకు బస్తా నష్టం. నవ్వొస్తోంది కదూ?

తెనాలి_కయ్య | 5:22

నవ్వు రావట్లేదు తమ్ముడూ. నేను రెండెకరాలు సొంతం, నాలుగు కౌలు. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం.

జీవామృతం_అక్క | 6:00

అందుకే ఎకరానికింత అని ఇచ్చే పద్ధతే వద్దంటాను. 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయం చూడండి, నడిపే రైతు సాధికార సంస్థ మన గుంటూరులోనే ఉంది. అక్కడ రైతు చేతికి ఎకరం లెక్కన డబ్బు ఇవ్వరు. బాగా చేసిన రైతునే తోటి రైతులకి నేర్పే మనిషిగా పెట్టి జీతమిస్తారు. డబ్బు జ్ఞానం మీద పెడతారు. వానలకి ముందే నవధాన్యాలు పొడి నేలలో చల్లించి, ఏడాదంతా నేల మీద పచ్చదనం ఉండేలా చూస్తారు. అలాంటి నేల వాన నీటిని పీలుస్తుంది, కొట్టుకుపోయే మట్టి తగ్గుతుంది. కౌలుదారుకైనా పెట్టుబడి తగ్గుతుంది, అది ఏ యజమానీ లాక్కోలేడు. 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి కూడా ఈ కార్యక్రమానికి వచ్చింది.

నాగాయలంక_కౌలు | 6:14

అక్కా, ఘనజీవామృతం నేనూ వేశాను, బాగానే ఉంది. కానీ నేల బాగుపడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. నా కౌలు పదకొండు నెలలు. బాగుపడిన నేల వచ్చే ఏడు ఎవరు దున్నుతారో నాకు తెలియదు.

జీవామృతం_అక్క | 6:30

దానికి నా దగ్గర సమాధానం లేదు తమ్ముడూ. కౌలు కనీసం ఐదేళ్లకి రాయించగలిగితే తప్ప.

వాటర్‌షెడ్_వినుకొండ | రాత్రి 8:05

నేను పల్నాడు మెట్ట వైపు వాటర్‌షెడ్ పనుల్లో ఉండేవాణ్ణి. మీరంతా డెల్టా నుంచి చూస్తున్నారు, కాస్త పై నుంచి చూడండి.

వాటర్‌షెడ్ పని గుట్ట మీద మొదలై లోయలోకి దిగుతుంది. పైన కందకాలు, రాతి కట్టలు, కిందకి వచ్చేకొద్దీ ఊట కుంటలు, చెక్ డ్యాములు. 2021 నాటి కేంద్ర నిబంధనల్లో మైదానంలో హెక్టారుకి 22,000 రూపాయలు, కొండ ప్రాంతమైతే 28,000. అది కట్టడాలకి అయ్యే ఖర్చు, రైతు చేతికి ఇచ్చేది కాదు. గొడవ ఎక్కడొస్తుందంటే, పైన కందకం తవ్వితే పై రైతుకి రెండు సాళ్ల నేల పోతుంది. గొర్రెలు మేపుకునేవాడికి మేత బీడు మూడేళ్లు మూసేస్తారు. లాభం? కింద బోరున్నవాడికి. రెండేళ్లకి వాడి బోరులో నీళ్లు పైకొస్తాయి, వాడు మిరప వేస్తాడు. పైవాడు కందే వేస్తాడు. ఆ తర్వాత కందకాల్లో పూడిక తీసేవాడుండడు. ఎందుకు తీస్తాడు, తనకేం వస్తోందని?

హిమాచల్‌లో పాలంపూర్ అనే ఊరుంది. ఆ ఊరి తాగునీళ్లు బోహల్ అనే ఊట నుంచి వస్తాయి. ఊటకి పైనున్న అడవిని చుట్టుపక్కల పల్లెలు కాపాడాలని, అందుకు పాలంపూర్ మున్సిపాలిటీ ఏడాదికి 10,000 రూపాయలు ఇవ్వాలని 2010లో ఇరవై ఏళ్లకి ఒప్పందం రాసుకున్నారు. పదివేలంటే ఏమీ కాదు, నాకూ తెలుసు. కానీ మున్సిపాలిటీ ఒక పల్లెకి "మీ వల్ల మా కుళాయిలో నీళ్లొస్తున్నాయి" అని కాగితం మీద ఒప్పుకుంది. మన దగ్గర ఏ కార్పొరేషనైనా ఆ మాట రాసిచ్చిందా?

లెక్కల_మాస్టారు | 8:40

ఇదే పనిని న్యూయార్క్ నగరం పెద్ద ఎత్తున చేసింది. వాళ్లకొచ్చే నీళ్లలో 90 శాతం క్యాట్‌స్కిల్ కొండలు, డెలావేర్ నది పరీవాహకం నుంచి, వడపోత లేకుండా వస్తాయి. 1990లలో వడపోత కేంద్రం కట్టాల్సిందే అన్నారు. కడితే కొన్ని వందల కోట్ల డాలర్లు. దానికి బదులు 1997లో పై ప్రాంతాల ఊళ్లతో ఒప్పందం చేసుకున్నారు. పాడి రైతు పేడ గుంట కట్టుకోవడానికి, ఆవులు వాగులో దిగకుండా కంచె వేసుకోవడానికి నగరమే ఖర్చు పెట్టింది. చేరడం రైతు ఇష్టం. అయితే ఐదేళ్లలో 85 శాతం మంది చేరాలని లక్ష్యం పెట్టుకున్నారు, ఒక్కడు చేసి పక్కవాడు చేయకపోతే వాగు బాగుపడదు కాబట్టి. నడిపించింది కూడా రైతుల మండలే, అధికారులు కాదు.

అక్కడ నగరానికి లెక్క సూటిగా కనపడింది: కేంద్రం కట్టడం కంటే రైతుకి ఇవ్వడం చౌక. మన దగ్గర బుడమేరు పల్లం వల్ల బెజవాడకి ఎంత మిగులుతుందో లెక్క కట్టినవాడు లేడు. ఆ లెక్క లేకుండా ఎవరినీ అడగలేం.

బెజవాడ_బుల్లోడు | 9:02

అంటే ఆస్తి పన్ను పెంచుతారా? సింగ్‌నగర్‌లో ఆటో తోలేవాడు పన్ను కట్టి, ఎకరం కోట్లు పలికే పొలం ఉన్న ఆసామికి ఇవ్వాలా? గట్టు అన్నా, నీ మీద కోపం కాదు కానీ ఇది ఎక్కడి న్యాయం?

గొల్లపూడి_గట్టు | 9:15

కోపం లేదు. నిజానికి రెండు వైపులా నేనే ఉన్నాను కదా, నా జేబులోంచి తీసి నా జేబులోనే పెట్టినట్టు. కానీ ఆటో మనిషి సంగతి నిజమే.

వాటర్‌షెడ్_వినుకొండ | 9:28

అయితే మట్టి తోలేవాడి దగ్గర తీసుకోండి. పల్లం మెరక చేసి ప్లాట్లు వేసినవాడు చదరపు గజానికి ఇంత అని నీటి దారి రుసుము కట్టాలి. అదే డబ్బు మెరక చేయని పక్క రైతుకి. ఆటో మనిషికి సంబంధం లేదు.

వినిపెగ్_గుంటూరోడు | 10:10

అమెరికాలో ఇంకో పక్క నుంచి కూడా బిగించారు. 1985 వ్యవసాయ చట్టంలో, తడి నేలని ఎండబెట్టి పంట వేసిన రైతుకి ప్రభుత్వ సబ్సిడీలు బంద్. దెబ్బతినే నేలలో పంట మానేసి గడ్డి, చెట్లు పెంచితే అద్దె ఇచ్చే పథకం కూడా అదే చట్టంలో ఉంది, పది నుంచి పదిహేనేళ్ల ఒప్పందం. ఒక చేత్తో ఇవ్వడం, రెండో చేత్తో ఆపడం. కేరళలో చట్టం, రాయల్టీ కలిసి ఉన్నట్టే.

తెనాలి_కయ్య | సోమవారం ఉదయం 6:40

రాత్రి అందరూ పడుకున్నాక చదివాను. ఇంకో రకం డబ్బు సంగతి రాస్తాను, ఎవరూ ఎత్తలేదు. కార్బన్ క్రెడిట్లు, అంటే భూమిని వేడెక్కించే వాయువులు తగ్గించినందుకు కంపెనీల నుంచి వచ్చే డబ్బు.

మడిలో ఎప్పుడూ నీళ్లుంటే మట్టిలో గాలి ఆడక మీథేన్ పుడుతుంది. మధ్యమధ్యలో మడిని ఆరనిచ్చి ఆరుతడి పెడితే బాగా తగ్గుతుంది. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది సగం చిల్లులు పెట్టి మడిలో దింపుతారు, లోపలి మట్టి తీసేస్తారు. గొట్టంలోకి తొంగి చూస్తే నేల లోపల నీళ్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది. నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి పోయాక మళ్లీ తడి. మా మడిలో ఒక గొట్టం దింపాను. నత్తలు దూరాయి, ఒకసారి ఎండ్రకాయ కూడా. అయినా పని చేస్తుంది.

చిక్కు రెండు చోట్ల. ఒకటి, మాది నల్లరేగడి. ఆరబెడితే వేలు దూరేంత నెర్రెలిస్తుంది, మళ్లీ పెట్టిన నీళ్లలో సగం ఆ నెర్రెల్లోకే. రెండోది అసలుది: కాలువ వంతు. వచ్చే వంతు ఎప్పుడో నమ్మకం లేనప్పుడు ఉన్న నీళ్లు ఎవడు ఆరబెట్టుకుంటాడు? వంతు తప్పకుండా వస్తుందని మా శివారు రైతుకి నమ్మకం ఇవ్వండి, డబ్బు ఇవ్వకపోయినా ఆరుతడి పెడతాడు. నీటి తీరువా తగ్గిస్తే పెడతారు అనేవాళ్లున్నారు. మొదటి పంటకి ఎకరానికి 200, రెండో దానికి 150. దాన్ని మాఫీ చేసినా టీ ఖర్చులకి రావు.

మా దగ్గరికి ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. పాస్‌బుక్, ఆధార్, పొలంలో ఫోటో తీసుకుని వెళ్లారు. మళ్లీ కనపడలేదు.

నాగాయలంక_కౌలు | 7:05

మా వైపు ఆరబెట్టే ప్రసక్తే లేదన్నా. సముద్రం పక్కనే. మడి ఆరితే ఉప్పు పైకెక్కుతుంది, మొలక మాడిపోతుంది. ఒకే రూలు డెల్టా మొత్తానికి పెడితే ముందు చచ్చేది మేమే.

ఉప్పలపాడు_పిట్టలు | 7:30

పక్షులకి కూడా మడి మొత్తం ఒకేసారి ఆరితే కష్టం. నత్తగుల్ల కొంగలకి తడి కావాలి. మీథేన్ తగ్గించమని ఒకరు డబ్బిస్తారు, తడి ఉంచమని ఇంకొకరు. రైతు ఎవరి మాట వినాలి?

తెనాలి_కయ్య | 7:38

ముందు ఇచ్చినవాడి మాట :)

గొల్లపూడి_గట్టు | మధ్యాహ్నం 1:10

నిన్నటి నుంచి రాసినవన్నీ నాన్నకి చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగారు. పదేళ్లకి కాగితం రాశాక మధ్యలో అమ్మాల్సి వస్తే? ఆపరేషన్ ఖర్చో, పెళ్లో వస్తే?

వినిపెగ్_గుంటూరోడు | 1:45

అమెరికా అద్దె పథకంలో అయితే మధ్యలో బయటికొస్తే అప్పటి దాకా ఇచ్చింది వడ్డీతో వెనక్కి కట్టాలి, పైన జరిమానా. శాశ్వత ఒప్పందం ఇంకో రకం, అది మనిషితో కాదు, నేలతో ఉంటుంది. కొన్నవాడికి కూడా వర్తిస్తుంది. దానికి డబ్బు ఒకేసారి, పెద్ద మొత్తం ఇస్తారు.

తెనాలి_కయ్య | 2:00

అంటే మన దగ్గరైతే ఈసీలో, అదే రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఆస్తి లావాదేవీల పత్రంలో పడాలి. ఈసీలో అలాంటి ముక్క కనపడితే కొనేవాడు గేటు దగ్గర్నుంచే వెనక్కి పోతాడు. పెద్దాయన శాశ్వత ఒప్పందం పెట్టరు, ఎవరూ పెట్టరు. ఐదేళ్లు చాలు. మధ్యలో అమ్మితే తీసుకున్నది తిరిగి కట్టాలి, వడ్డీ వద్దు. ఐదేళ్లలో మెరక చేస్తే నీటి దారి రుసుము రెట్టింపు. ఇంత చిన్న కాగితమైతే మా ఊళ్లో కొందరు పెడతారు.

లెక్కల_మాస్టారు | 2:30

ఒక గ్రామంలో పది మంది పెట్టి నలభై మంది పెట్టకపోతే లాభం లేదు. వాగు పక్క సర్వే నంబర్లలో ఎనభై శాతం చేరితేనే అందరికీ డబ్బు అని రాయండి. అప్పుడు పక్కవాడికి నచ్చజెప్పే పని రైతులే చూసుకుంటారు. నీటి సంఘాల చట్టం 1997 నుంచి ఉంది, కొత్త కమిటీ వేయకుండా వాటి ద్వారానే నడపవచ్చు.

నాగాయలంక_కౌలు | 2:41

మాస్టారూ, ఆ కాగితం మీద కౌలుదారు సంతకం ఉంటుందా?

లెక్కల_మాస్టారు | 2:50

ఉండాలి. రెండు ఖాతాలు రాద్దాం. పల్లాన్ని మెరక చేయనందుకు వచ్చేది యజమానికి, ఎందుకంటే అమ్ముకునే హక్కు వదులుకునేది ఆయన. గట్టు నిలబెట్టి, బోదె తీసి, నీళ్లు కాసినందుకు వచ్చేది సాగు చేసేవాడికి. మొత్తంలో మూడో వంతు కౌలుదారుకి అనుకుంటే?

నాగాయలంక_కౌలు | 2:58

మూడో వంతు కుదరదు మాస్టారూ. పంట మునిగేది మాది, గట్టు తెగితే అర్ధరాత్రి పార పట్టుకుని పోయేది మేము. సగం రాయండి. అదీ యజమాని చేతి మీదుగా కాదు, నేరుగా మా ఖాతాలోకి.

లెక్కల_మాస్టారు | 3:15

సగానికి యజమానులు ఒప్పుకోరు. నలభై శాతం, నేరుగా ఖాతాలోకి. గట్టు గారూ, మీ పొలం కౌలుకే ఇచ్చారా? మీ నాన్నగారిని అడిగి చెప్పండి.

గొల్లపూడి_గట్టు | 3:32

కౌలుకే. ఆయన ముప్ఫై అంటున్నారు.